తప్పనిసరి కాదు, తప్పనిది

పంతొమ్మిది వందల అరవైలలో పాలమూరు జిల్లా ఆత్మకూరు బడిలో ఎనిమిదో తరగతికి ఇంగ్లిషు చెప్పేదాన్ని. ‘ఇనెవిటబుల్’ అంటే తప్పనిసరి అని గైడులో ఉంది. ఆ రాసినాయనకు తెలుగూ రాదు, ఇంగ్లిషూ రాదని పిల్లల ముందే అనేశాను. తప్పనిసరి అంటే ఎవడో పెట్టిన రూలు. రేపు వాడే తీసేయొచ్చు. ఇనెవిటబుల్ అంటే ఎవడి అబ్బ తరమూ కానిది. చావు, ముసలితనం, అలాంటివి. వాన కూడానా అని ఒక పిల్ల అడిగింది. కరువు పాలమూరులో వానను అందులో కలపొద్దన్నాను.

అలా అడిగిన పిల్లే వారం తిరక్కుండా బడి మానేసింది. చురుకైన పిల్ల, వదలబుద్ధి కాలేదు. వాళ్లింటికి వెళ్లాను. తండ్రి గడపలో బీడీ కాలుస్తున్నాడు.

“పల్లికాయ తెంపనీకి దీని తల్లి పోతాంది. చిన్నదాన్ని ఎవరు వట్టుకోవాలె? తప్పదు పంతులమ్మా.”

“నువ్వు వట్టుకో.”

“నేనా? మొగోన్ని!”

“అయితేంది, చేతులు ఇరిగినయా? గిది తప్పనిది కాదు, నీకు చేతగానిది.”

అతని మొహం మాడిపోయింది. నా నోరే పిల్ల చదువు ముంచేలా ఉందని అప్పుడు భయమేసింది. తలుపు వెనక చెల్లెలిని చంకనేసుకుని నిలబడ్డ పిల్లతో అన్నాను: “రేపటి సంది దాన్ని ఎత్తుకొనే రా.”

“బడిల ఏడిస్తె?” అన్నాడు తండ్రి.

“నా క్లాసుల ఎవరేడ్వరు?”

మూడో రోజే తనిఖీకి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నా బల్ల ముందు కూర్చుని హాజరు పట్టీ తెరిచి, చంటిదాన్ని చూశాడు.

“ఇది బడా, ఉయ్యాలా? రూల్సు ఒప్పుకోవు. ఆ అమ్మాయిని ఇంటికి పంపండి.”

“ఒక్క ప్రశ్న అడిగి పంపండి” అన్నాను.

పుస్తకం తిప్పి, ‘ఇనెవిటబుల్’ అంటే ఏమిటన్నాడు. జవాబు చెప్పాలంటే చేతులు కట్టుకుని నిలబడాలి కదా, పిల్ల వచ్చి చెల్లెలిని ఆయన ముందు బల్ల మీద కూర్చోబెట్టింది. అది నిమ్మళంగా హాజరు పట్టీ మీద ఉచ్చ పోసేసింది.

“గిదే సార్” అంది పిల్ల.

తరగతి తరగతంతా గొల్లుమంది. ఆయన పట్టీని కొసకు పట్టుకుని కాసేపు నవ్వు ఉగ్గబట్టాడు, తర్వాత తనూ నవ్వేశాడు.

“అర్థం సరిగ్గానే చెప్పింది. కూర్చోమనండి.”

పల్లికాయ పని అయ్యేదాకా ఇద్దరూ వచ్చారు. హాజరు పెద్దదానికే వేసేదాన్ని. ఆ పేజీలో చిన్నదాని సంతకం అప్పటికే ఉంది.