ఆ కేకకి అర్థమేమిటి?

మామయ్యకి ఒకటే జబ్బు. చెవిన పాట పడితే చాలు, దానికి అర్థం చెప్పేదాకా ఎదుటివాణ్ణి వదలడు. ఆయనది కళ్లజోళ్ల దుకాణం. అక్కడికి వచ్చినవాడి ఫోను మోగిందా, వాడి పని అయిపోయినట్టే.

"ఎత్తకండి, ఎత్తకండి! ఆ రెండో ముక్కకి అర్థమేంటండీ?"

"మా ఆవిడండీ!"

"ఆవిడ మళ్లీ చేస్తారు లెండి."

"చేస్తే పాట కూడా మళ్లీ వస్తుంది కదండీ!"

ఈ వాదన మామయ్యకి ఎక్కలేదు. ఒకసారి పక్కింటావిడ "ఉళుళుళు" అంటూ చంటిదాన్ని ఊరుకోబెడుతుంటే దానికీ అర్థం అడిగాడు. ఆవిడ ఆలోచనలో పడింది, చంటిది మళ్లీ ఏడుపు అందుకుంది. ఇలాంటి మనిషిని ఎవరైనా కోరి ఇంటికి పిలుచుకుంటారా? చెల్లెలు పిలుచుకుంది, పాపం, దిక్కుతోచక.

ఆవిడ కూతురు తొమ్మిదో తరగతి. ఉన్నట్టుండి నల్లచొక్కాల్లోకి దిగింది, జుట్టు ఓ కంటిమీదికి దించింది, గది తలుపు వేసుకుంది. లోపల ఎవడో గొంతు చించుకుని ఏడుస్తున్నట్టు పాటలు. ఆ పాటలు వినే పిల్లలకి బళ్లో ఓ గుంపు కూడా ఉంది, అందరివీ నల్లచొక్కాలే. భోజనాల దగ్గర పిల్ల నోట్లోంచి "ఊఁ" తప్ప ఇంకో మాట లేదు. తల్లి గుండెల్లో రాయి పడింది. స్పీకరు బయట పారేస్తాను, ఆ గుంపు మొహం చూడనివ్వను అని తండ్రి ఎగురుతున్నాడు.

"ఆ ఏడుపు పాటలు విని విని పిల్ల ఏమైపోతుందో అన్నయ్యా! నువ్వొచ్చి మాన్పించు" అంది ఫోనులో.

మామయ్య వచ్చాడు. తిన్నగా గదిలోకి వెళ్లి మంచంమీద చతికిలబడ్డాడు. తల్లి తలుపు వారగా చేరింది. పాటకి కిటికీ అద్దాలు అదురుతున్నాయి.

"ఇప్పుడు ఆ కేకేశాడే, దాని అర్థమేంటి కోడలా?"

"కేకకి అర్థమేంటి మామయ్యా! కేకే!"

"ఊరికే ఎవడరుస్తాడే? ఎవరైనా కాలు తొక్కారా?"

పిల్ల ఉసూరుమంది. "అందరూ తనని వదిలేసి వెళ్లిపోయారట."

"ఎక్కడికి?"

"ఎక్కడికో!"

"బస్సు తప్పిపోయుంటుంది. మళ్లీ పెట్టు."

మళ్లీ పెట్టింది. అర్థం కాలేదన్నాడు. ఇంకోసారి పెట్టించాడు. తల్లికి ఒళ్లు మండిపోయింది. మాన్పించమని పిలిస్తే, ఈయన కోరి మరీ పెట్టించుకుంటున్నాడు!

"వెళ్లిపోవడమంటే ఊరు వదిలి కాదు మామయ్యా. ఒకే బెంచీలో ఉండి, ఇంతదూరం జరిగి కూర్చుంటారు. నేను అన్నం డబ్బా తెరిస్తే లేచి ఇంకో బల్లకి పోతారు."

"పాటలో డబ్బా ఎక్కడుందే?"

"పాటలో లేదు. నాకే జరిగింది."

ఇక మాటలు ఆగలేదు. ప్రాణంలా ఉన్న స్నేహితురాలు ఎందుకో మాట్లాడటం మానేసింది. మిగతావాళ్లూ ఆ పిల్ల వెనకాలే పోయారు. ఒంటరిగా తింటుంటే "ఇక్కడ కూర్చో" అని చోటిచ్చింది ఆ నల్లచొక్కాల పిల్లలే. తల్లి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. బిడ్డ చొక్కా రంగు చూసిన కళ్లకి బిడ్డ మొహం కనపడనందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

చాలాసేపటికి మామయ్య బయటికొచ్చాడు.

"పాట అర్థమైందా అన్నయ్యా?"

"ముక్క అర్థం కాలేదు. పిల్ల సంగతి మాత్రం రెండోసారికే అర్థమైంది."

"మరి అన్నిసార్లు ఎందుకు అడిగావు?"

"అర్థమైందంటే చెప్పడం ఆపేస్తుంది కదే! దుకాణంలోనూ ఇంతే. నీకు మసకగా ఉందని నేననకూడదు. అద్దం మార్చి మార్చి అడుగుతూ కూర్చుంటే, ఎక్కడ మసకో వాళ్లే చెబుతారు." చెప్పులు తొడుక్కుంటూ ఆగాడు. "రేపు టీచరమ్మతో మాట్లాడండి. ఆ పాటల జోలికీ ఆ పిల్లల జోలికీ పోవద్దని బావగారికి చెప్పు. ఇన్నాళ్లూ పిల్లని చూసుకున్నది వాళ్లే."

తల్లి కళ్లు తుడుచుకుని లోపలికెళ్లింది. మంచం పక్కన నిలబడింది. పిల్ల కాస్త జరిగి చోటిచ్చింది.

"నీకూ వినిపిస్తాను. మధ్యలో ఏడవకూడదు మరి."

"ఏడవనులే."

ఏడవలేదు కూడా. మొదటి కేకకే అదిరిపడి కూతురి చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. పిల్ల పకపకా నవ్వింది. పాట అయిపోయింది, ఇంకోటి మొదలైంది, ఆ చెయ్యి మాత్రం ఇద్దరిలో ఎవరూ వదల్లేదు.