పేడపురుగు వెనక్కాళ్లు

నేను గొర్రెలు కాసేవాణ్ణి. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. నేర్పింది మా మనవరాలు. అప్పుడది రెండో తరగతి. పలక మీద తప్పు రాస్తే చెవి మెలిపెట్టేది, ముసలి చెవి అని చూసేది కాదు. రెండేళ్లకు బస్సు బోర్డులు చదివేదాకా వచ్చాను. తాండూరు బస్టాండులో నేను బోర్డు సగం చదివేలోపే బషీరాబాద్ బస్సు కదిలిపోయిన రోజులూ ఉన్నాయి.

కిందటేడు బడిలో, ఇంటి పెద్దలెవరైనా వచ్చి పిల్లలకు ఒక పుస్తకం చదివి వినిపించాలన్నారట. మనవరాలు నన్నడక్కుండానే చెయ్యెత్తి వచ్చింది.

"మా తాత టకటక సదువుతడని చెప్పిన."

"నేనెప్పుడు సదివిన్నే గట్ల?"

"చెప్పిన గదా, ఇగ సదవాలె. నా ఇజ్జత్ తియ్యకు తాతా."

అది బొమ్మల పుస్తకం. అందులో ఒక పేడపురుగుకు తన పేడ ఉండను చూస్తే సిగ్గు. సీతాకోకచిలుకలా ఉండాలని వీపుకు పూరేకులు అంటించుకుంటుంది. మిడతలా ఎగరబోయి బోర్లా పడుతుంది. మిణుగురులా వెలగాలని ఒంటికి మెరుపు కాగితం చుట్టుకుంటుంది. గొర్రెల వెంట తిరుగుతూ, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ వారం రోజులు చదివాను. చదివి చదివి కంఠతా వచ్చేసింది. అప్పుడు పుట్టింది దొంగ ఆలోచన. కళ్లు పుస్తకం మీద పెట్టి నోటితో అప్పజెప్తే టకటక చదివినట్టే కదా!

బడిలో పిల్లలు నాపరాళ్ల నేల మీద కూర్చున్నారు. నాకు కుర్చీ వేశారు. మొదలుపెట్టాను. ఎక్కడా ఆగలేదు. మనవరాలి మెడ జానెడు పొడుగైంది. అంతలో రెండు పేజీలు అంటుకుని ఒక్కసారే తిరిగాయి. నాకు తెలియలేదు.

"మిడత ఏడుందే తాతా? గది మిణుగురు గదా!" అంది ముందు కూర్చున్న పిల్ల.

"తాత సదువుతలేడు, అప్పజెప్తుండు!" అని వెనక నుంచి ఇంకొకరు.

గదంతా నవ్వు. మనవరాలు తల దించుకుంది. పేడపురుగు వేషాలను వారం రోజులు వల్లె వేసినవాణ్ణి, నా వీపుకు నేనే పూరేకులు అంటించుకున్నానని అప్పటిదాకా తట్టలేదు. పుస్తకం మూశాను.

"అవును, కంఠతా పట్టిన. నాకు సదువుడొస్తది గానీ జర మెల్లగ. వింటరా, పోవాల్నా?"

టీచరమ్మ ఏదో సర్దిచెప్పబోయింది. పిల్లలు "వింటం" అన్నారు.

మొదటి పేజీ తీసి, అక్షరం కింద వేలు పెట్టి చదవసాగాను. ఆగలేక వాళ్లే మాట పూర్తి చేస్తుంటే కసురుకున్నాను. పురుగు ఉండను దొర్లించే బొమ్మ దగ్గర ఇక ఊరుకోలేకపోయాను.

"గీ బొమ్మ గీసినాయన పేడపురుగును ఎన్నడు సూడలే. ముందుకాళ్లతోని నూకదు. తల కిందికి వెట్టి, వెనక్కాళ్లతోని ఎనకకు నూకుతది."

"చేసి సూపియ్యి తాతా!"

రెండు చేతులూ నేలకానించి, ఒక బడిసంచిని వెనక్కాళ్లతో నెట్టాను. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. తలకిందులుగానే మనవరాలి కోసం వెతికాను. అది నవ్వడం లేదు.

సగం పుస్తకం అయ్యేసరికి గంట కొట్టారు. ఇంటికి వచ్చే దారిలో కంది చేల పొడుగునా అది నాకు పదడుగుల ముందే నడిచింది.

"కోపమొచ్చిందా బిడ్డా? నీ ఇజ్జత్ పాయె."

"టకటక అని నేనే అబద్ధం చెప్పిన గదా," అంది. వెనక్కి తిరిగి, "మిగిలింది రేపు సదువుతవా?" అని అడిగింది.

మర్నాడు బడిలో నేను కుర్చీలో కూర్చోకముందే అది లేచి అందరి వైపు తిరిగింది.

"మా తాత మెల్లగ సదువుతడు," అంది. "గంట కొట్టినా ఎవ్వలు లేవొద్దు."