దీనమ్మ టీచరు చెప్పిన మాఫీ

గోంగూర కట్టకు చుట్టిన నార తెంపగానే ఒక పచ్చి పుల్లటి వాసన వస్తుంది. అందరికీ అది ముక్కుకు తగులుతుంది, నాకు మాత్రం కళ్ళకు తగులుతుంది. నిన్న కూడా అంతే అయింది. నందిగామలో మా మిషను హాస్టలు వంటగది గుమ్మం ముందు, గరికపాడు వైపు నుంచి వచ్చే ఆకుకూరలామె గంప దించి, "పుంటికూర లేతగుంది మేడమ్, పది కట్టలు దించనా?" అంది. తెలంగాణ పక్కనే ఉన్న ఊరు కాబట్టి ఆమెకది పుంటికూర, మనకు గోంగూర. సముద్రం దాటి, ఆఫ్రికాలో దక్షిణ సూడాన్ అనే దేశంలో దాని పేరు కెర్కెదే. ఆ మూడో పేరు నేను దీనమ్మ టీచరు పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఈ హాస్టల్లో ఇప్పుడున్న పిల్లలెవరూ ఆవిడను చూడలేదు. ఇది చదివే మీరూ చూసి ఉండరు. అందుకే రాస్తున్నాను.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా నాన్న నన్ను చిల్లకల్లు నుంచి తీసుకొచ్చి ఈ హాస్టల్లో చేర్చాడు. మా అమ్మ మిరప కోతలకు వెళ్ళే మనిషి. ఆ ఏడు కోతల మధ్యలోనే జ్వరమొచ్చి, వారం తిరక్కుండా పోయింది. నేను మాట్లాడటం మానేశాను. మొండితనమనుకుని కొందరు కసిరారు, జాలిపడి కొందరు బిస్కెట్లు పెట్టారు. అందరూ ఎదురుగా నిలబడి ఏదో ఒకటి అడిగేవాళ్ళే. బళ్ళో తెలుగు చెప్పే దీనమ్మ టీచరు మాత్రం ఏమీ అడగలేదు. సాయంత్రం వంటగది వెనక అరుగు మీద చతికిలబడి, నా ముందుకొక గోంగూర కట్ట తోసి, ఎదురుగా కాకుండా పక్కన కూర్చున్నారు. ఇద్దరం గోడకేసి చూస్తూ ఆకు తుంచాం. మర్నాడూ అంతే. నాలుగో రోజునో ఐదో రోజునో నా నోట్లోంచి ఒక మాట జారింది. "మా అమ్మ ఇట్టా తుంచదు."

"మరెట్టా తుంచుద్ది?" అన్నారు ఆవిడ, గోడ మీంచి చూపు తిప్పకుండానే.

"కొస పట్టుకుని కిందకి దూసుద్ది. ఆకంతా ఒక్కసారే వచ్చేసుద్ది."

"ఏదీ, దూసి చూపించు."

చూపించాను. దీనమ్మ టీచరు ఆ రోజు నుంచి చివరిదాకా మా అమ్మ పద్ధతిలోనే ఆకు దూశారు. ఎవరన్నా అడిగితే, "ఇది మార్త వాళ్ళమ్మ నేర్పింది" అని చెప్పేవారు. ఆవిడ మా అమ్మను ఎన్నడూ చూడలేదు.

ఇంతా చెప్పానని ఆవిడను ఏ దేవతగానో ఊహించుకోకండి. రంగు వెలిసిన వాయిలు చీర, హవాయి చెప్పులు, ఎప్పుడూ ఎక్కడో పెట్టి మర్చిపోయే కళ్ళజోడు. గొంతులో శ్రుతి అనేది లేదు, అయినా గుడిలో పాట ఎత్తుకోవాల్సింది తనే. ఆవిడ ఎత్తుకున్న చోటికి మేమంతా పాటను లాక్కొచ్చి కలిపేసరికి రెండు చరణాలు అయిపోయేవి. చాక్‌పీసు వేలిగోరంతయ్యేదాకా పారేయనిచ్చేవారు కాదు. ప్రార్థన మాత్రం చాలా పొట్టిగా చేసేవారు. "ప్రభువా, పిల్లలకి ఆకలేస్తంది, నీకు తెలుసు, ఆమెన్." మేమంతా ఆవిడతో ప్రార్థన చేయించడానికి పోటీ పడటానికి కారణం భక్తి అని అబద్ధం చెప్పలేను.

ఆవిడ రిటైరైన రెండో ఏట, అప్పుడు మేమిద్దరం వెళ్తున్న జగ్గయ్యపేట గుడికి మిషను నుంచి ఒక పెద్దాయన వచ్చారు. యుద్ధం సద్దుమణిగిన దక్షిణ సూడాన్‌లో, తగలబడిన ఒక బడిని మళ్ళీ తెరుస్తున్నామనీ, ఏడాదిపాటు వచ్చి పాఠాలు చెప్పేవాళ్ళు కావాలనీ అడిగారు. కుర్రకారంతా తలలు వంచుకుని ప్రార్థనలో ఉన్నట్టు నటించారు. వెనక వరసలో ఆడవాళ్ళ వైపు నుంచి ఒక చెయ్యి లేచింది. సంఘ పెద్ద ఇబ్బందిగా, "అమ్మా, మీకు మోకాళ్ళ నొప్పులు గదండీ" అన్నారు. "అక్కడ మెట్లు లేవంట గదండీ" అన్నారు దీనమ్మ టీచరు. గుడంతా నవ్వింది. నేను కూడా నవ్వాను. బయటికి రాగానే నా భుజం పట్టుకుని, "నవ్వింది చాల్లే. నాకు ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు కావాలి, నువ్వు కూడా వస్తన్నావు" అన్నారు. అప్పటికి నేను బీఎడ్ చేసి, ఒక ప్రైవేటు బళ్ళో లెక్కలు చెబుతున్నాను. రానని చెప్పడానికి వారం రోజులు మాటలు వెతుక్కున్నాను, దొరకలేదు.

మేం వెళ్ళిన ఊరు ఆ దేశపు రాజధాని జుబా నుంచి సగం రోజు ప్రయాణం. ఎర్రమట్టి, గడ్డి కప్పిన గుండ్రటి మట్టిళ్ళు. కాలిన బడికి కొత్త రేకులు వేశారుగానీ గోడలు పాతవే. ఆ గోడల నిండా తుపాకీ గుండ్ల చిల్లులు. పిల్లలు ఆ చిల్లుల్లో అరిగిపోయిన పెన్సిలు ముక్కలు దాచుకునేవారు, ఎవరి చిల్లు వాళ్ళది. గోడకు సిమెంటు పూయిద్దామని నేనంటే దీనమ్మ టీచరు ఒప్పుకోలేదు. "దానికి వాళ్ళే ఒక పని చెప్పారు గదే. మనం పూడ్చేస్తే పెన్సిళ్ళు ఎక్కడ పెట్టుకుంటారు?"

అక్కడి వాళ్ళు ఒకరకం అరబిక్ మాట్లాడతారు. ఆవిడకు ఇంగ్లీషే అంతంతమాత్రం, అరబిక్ అసలే రాదు. అయినా రెండో రోజునుంచే ఒక ఆట మొదలుపెట్టారు. కుర్చీని వాళ్ళు కుర్సీ అంటారు. కలాన్ని గలం అంటారు. సబ్బు సాబూన్. అలా ఒక్కో మాట దొరికినప్పుడల్లా చిన్నపిల్లలా సంబరపడి, "మార్తా, ఇది కూడా మనదేనే" అనేవారు. బడి వెనక పెరిగిన గోంగూరను చూసిన రోజు మరీ. పిల్లలకు పాఠం ఆపేసి మరీ చూపించారు. బడి మొదటి రోజున పేర్లు పిలుస్తుంటే పదకొండేళ్ళ పిల్ల ఒకతి లేచి తన పేరు పోని అంది. దీనమ్మ టీచరు కళ్ళజోడు సర్దుకుని, "పోనీయా? అదేం పేరే? మిగతావాళ్ళ సంగతేమోగానీ ఈ పిల్లని మాత్రం మనం పోనివ్వగూడదు" అన్నారు. తెలుగులోనే అన్నారు. పోనికి అర్థం కాకపోయినా నవ్వింది.

ఆ మాటల ఆటే నా కొంప ముంచింది. నేను లెక్కల టీచర్ని, పైగా కొత్త ఉత్సాహం. మిషను ఇచ్చిన నోటుపుస్తకం, పెన్సిలు రోజూ తేవాలని రూలు పెట్టాను. పోని తేలేదు. "కితాబ్?" అని అడిగితే "మాఫీ" అంది. "గలం?" అంటే అదీ "మాఫీ" అంది. నాకు నవ్వొచ్చింది. కలం మనదే, కుర్చీ మనదే, మాఫీ కూడా మనదే అనుకున్నాను. శిక్ష మాఫీ చెయ్యమంటోంది, గడుసుపిల్ల. రెండు రోజులు వదిలేశాను. మూడో రోజు కూడా అదే మాట అనేసరికి కోపమొచ్చింది. "మాఫీ లేదు, గీఫీ లేదు. మీ అమ్మను తీసుకురా" అన్నాను. అర్థం కాలేదేమోనని, అమ్మను వాళ్ళు పిలిచే మాటతో "మామా, మామా" అని కూడా అన్నాను. పోని నా వైపే చూసి, "మామా మాఫీ" అంది. మా అమ్మ జోలికి రావొద్దు అన్నట్టు వినిపించింది నాకు. తలుపు వైపు చెయ్యి చూపించాను. వెళ్ళిపోయింది. పిల్లలంతా తలలు దించేసుకున్నారు. అప్పుడు కూడా, నా మాటకు భయపడ్డారనే అనుకున్నాను.

మధ్యాహ్నం పక్క తరగతి చెప్పే జోసెఫ్ మాస్టారు, ఆ ఊరి మనిషే, నెమ్మదిగా నా దగ్గరికొచ్చి ఇంగ్లీషులో చెప్పారు. మాఫీ అంటే లేదు అని. పుస్తకం లేదు. పెన్సిలు లేదు. యుద్ధంలో ఊరొదిలి పారిపోతున్నప్పుడు పోని వాళ్ళమ్మ దారిలోనే చనిపోయింది. అమ్మ లేదు.

దీనమ్మ టీచరుకు ఎలా చెప్పాలో తెలియక, చెప్పినంతా చెప్పి చివర్లో, "పోనీలెండి టీచర్‌గారూ, రేపు దానంతటదే వస్తుంది" అన్నాను. ఆవిడ తలెత్తి, "ఏమన్నావూ?" అన్నారు. ఏమన్నానో నాకు అప్పుడు వినిపించింది. తిడతారనుకున్నాను. తిట్టలేదు. "హాస్టలుకొచ్చిన మొదటి రోజు నువ్వేం మాట్లాడావో గుర్తుందా?" అని అడిగారు. "ఏం మాట్లాడలేదండి" అన్నాను. "ఆ పిల్ల నయం, ఒక మాటన్నా చెప్పింది. వినాల్సినదానివి నువ్వు, వినలా."  నాకు ఏడుపొచ్చింది. అమ్మ లేని పిల్లనై ఉండి, అదే మాట ఇంకో పిల్ల నోట వస్తే గడుసుదనం అనుకున్నాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

పోని మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. ఊళ్ళో బడి మానేసిన పిల్లలు జుబాలో ఇళ్ళపనికి వెళ్ళిపోతారనీ, ఒకసారి వెళ్తే మళ్ళీ రారనీ జోసెఫ్ మాస్టారు చెప్పారు. పోనిని కూడా ఎవరో అడుగుతున్నారట. మూడో రోజు పొద్దున్నే మేం ముగ్గురం బయల్దేరాం. దీనమ్మ టీచరు మోకాళ్ళు పట్టుకుని, ప్రతి చెట్టు కిందా కూర్చుంటూ నడిచారు. గుడిసె పక్కన పోని నిలబడి ఉంది, వాళ్ళ అమ్మమ్మ గుమ్మం ముందు కూర్చుని కెర్కెదే ఆకు గిల్లుతోంది. అక్కడ దాన్ని వేరుశనగ ముద్ద కలిపి వండుతారు. నేను దారి పొడుగునా బట్టీపట్టిన క్షమాపణ మాట, "మలేష్", చెప్పాను. పోని నా వైపు చూడలేదు. మళ్ళీ చెప్పాను. గుడిసె గోడకు అతుక్కుపోయి అలాగే నిలబడింది. 

దీనమ్మ టీచరు మాత్రం వెళ్ళి ఆ ముసలామె పక్కన చతికిలబడి, ఒక రెమ్మ తీసుకుని కొస పట్టి కిందకి దూశారు. ముసలామె ఆశ్చర్యపోయి తను కూడా దూసి చూసింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా ఆ కుప్పంతా అయిపోయేదాకా ఇద్దరూ ఏవో చెప్పుకుంటూనే ఉన్నారు. కాసేపటికి పోని కూడా వచ్చి కూర్చుంది. ఆకు దూయడం సగంలో ఉండగా లేచి, గుడిసె కప్పులో గడ్డి మధ్య నుంచి ప్లాస్టిక్ కవరులో చుట్టిన నోటుపుస్తకం, పెన్సిలు తీసి దీనమ్మ టీచరు ఒళ్ళో పెట్టింది. పోని ఏదో చెబుతుంటే జోసెఫ్ మాస్టారు ఒక్కో మాటా ఇంగ్లీషులో చెప్పారు. క్రితంసారి బడి తగలబడినప్పుడు అందరి పుస్తకాలూ అందులోనే కాలిపోయాయట. అందుకే ఈసారిది బడికి తేలేదట. నేను పుస్తకం తెరిచాను. అందులో నేను చెప్పిన లెక్కలే ఉన్నాయి. రోజూ ఇంటికొచ్చాక గుర్తు చేసుకుని ఒక్కొక్కటే రాసుకుంది. ఒక్కటి కూడా తప్పు లేదు.

"పుస్తకాన్ని ఇక్కడే ఉండనియ్యమను" అన్నారు దీనమ్మ టీచరు. "పుస్తకం లేకపోయినా బడి నడుస్తది. పిల్ల లేకపోతే ఎట్టా నడుస్తది? మార్తా, రేపణ్ణుంచి పలకల మీద చెప్పు. రూలు మార్చు." నేను మార్చాను. పోని మర్నాడు వచ్చింది. ఆ ఏడాదంతా వచ్చింది. కాకపోతే నాతో మాఫీ అన్న మాట మళ్ళీ అనలేదు. లేదని చెప్పాల్సి వస్తే తల అడ్డంగా ఊపేది. తల ఊపిన ప్రతిసారీ నాకు చురుక్కుమనేది.

తిరిగి వచ్చే రోజు పిల్లలందరికీ ఏదో ఒకటి పంచిపెట్టాం. చివరగా పోని వచ్చేసరికి నా సంచిలో ఏమీ మిగల్లేదు. సంచి బోర్లించి, రెండు చేతులూ చూపించి, "మాఫీ" అన్నాను. పోని ఒక్క క్షణం చూసి, పగలబడి నవ్వింది. మొదటి రోజు నవ్విన నవ్వే. నవ్వి, తన పెన్సిలు ముక్కను గోడ చిల్లులోంచి తీసి నా చేతిలో పెట్టింది. ఇప్పుడది నా బల్ల సొరుగులో ఉంది. పోని టీచరు ట్రెయినింగులో చేరిందని పోయినేడు జోసెఫ్ మాస్టారు కబురు పంపారు.

దీనమ్మ టీచరు ఆఖరి రోజుల్లో జగ్గయ్యపేటలో తమ్ముడి ఇంట్లో ఉండేవారు. పక్షవాతం వచ్చి మాటలు చాలావరకు పోయాయి. తెలుగు, ఇంగ్లీషు, ఆ ఏడాదిలో ఏరుకున్న అరబిక్, అన్నీ కలిసిపోయి ఏదో ఒకటి పైకి వచ్చేది. సాబూన్ కావాలని అడిగితే వాళ్ళ మరదలు తెల్లముఖం వేసేది. నేను ఆదివారం గుడి అయ్యాక గోంగూర కట్టలు తీసుకెళ్ళేదాన్ని. కుడిచెయ్యి ఒక్కటే ఆడేది. కొస నేను పట్టుకుంటే ఆవిడ కిందకి దూసేవారు. అలా దూస్తుండగా ఒకరోజు, ఇన్నేళ్ళుగా గొంతులో పెట్టుకున్నది చెప్పేశాను. "టీచర్‌గారూ, పోనిని ఆ రోజు నేనట్టా పొమ్మనకుండా ఉండాల్సింది. తిరిగొచ్చింది కాబట్టి సరిపోయింది. రాకపోతే?"

ఆవిడ గోడ వైపు చూస్తూ ఆకు దూసి, కాడను పక్కన పెట్టి, "మాఫీ" అన్నారు.

అది వాళ్ళ భాషలో అన్నారో, మన భాషలో అన్నారో నాకు తెలియదు. వాళ్ళ భాషలో అయితే, నీ తప్పేం లేదని. మన భాషలో అయితే, తప్పేగానీ క్షమించేశానని. బడికి రాని పిల్ల ఇంటికి వెతుక్కుంటూ వెళ్ళిన రోజు మొదటి అర్థాన్ని నమ్ముతాను. తొందరపడి ఎవరినైనా కసిరిన రోజు రెండోది లేకపోతే నాకు నిద్రపట్టదు. ఆ మధ్యాహ్నం మాత్రం నేను ఆవిణ్ణి ఏమీ అడగలేదు. ఇంకో కట్ట నార తెంపి, కొస పట్టుకున్నాను.