సందెవేళ సైదమ్మ

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు, త్రిపురారం గొల్లవాడలో సైదమ్మకు తొలి కడుపు. పొద్దు వాలుతున్నదంటే ఆమెకు గుండె దడ. ఎండ ఉండగానే వంట ముగించి, కడవలన్నీ గోడవారగా సర్దుకునేది. మసక పడ్డాక ఏ పని చేసినా ఆమె ఎడమచెయ్యి గోడను వదిలేది కాదు. దీపం ఎర్రచుక్కలా కనిపించేది గానీ, దాని పక్కన కూర్చున్న మనిషి కనిపించేవాడు కాదు. ఎవరికీ చెప్పలేదు. ఈ చీకటి కడుపులో బిడ్డకూ అంటుకుంటుందేమోనని ఆమె బెంగ.

మంద ఇల్లు చేరాక గొర్రెపిల్లలను వాటి తల్లుల దగ్గర పాలకు వదలడం కోడలి పని. వాసనను బట్టి, అరుపును బట్టి ఎలాగో నెట్టుకొస్తున్నది. ఒక సాయంత్రం అంచనా తప్పింది. తనది కాని పిల్ల పొదుగు దగ్గరికి రాగానే గొర్రె దాన్ని కుమ్మి పడేసింది. అత్త బీరమ్మ ఉరికొచ్చి, కోడలి కళ్ల ముందు చెయ్యి ఆడించింది. రెప్ప పడలేదు.

"రేచీకటి! ఎప్పటిసంది గిట్ల?"

"నా బిడ్డ గూడ గుడ్డిదైతదా అత్తా?" సైదమ్మ బావురుమన్నది.

మర్నాడు వాడలో పొట్టేలును కోశారు. మగవాళ్లు నిప్పుల మీద కాల్చుకు తినే కార్జాన్ని, రేచీకటికి అదే మందని, బీరమ్మ వాళ్ల చేతుల్లోంచి గుంజుకొచ్చింది.

"తిను. నువ్వు తిన్నది ముందుగాల లోపలి పిల్లకు పోతది. మిగిల్తెనే నీ కండ్లకు."

సైదమ్మ నోరు కాలుతున్నా మింగింది. ఆ సాయంత్రమూ మసక కమ్మింది. ఆమె గోడ మీది చెయ్యి తీసి పొట్ట మీద పెట్టుకుంది.

"నీకన్న కనవడుతున్నదా, బిడ్డా?"