ఖాకీ అతుకేసిన పరుపు

మా చిన్నాయన పోయిన సంగతి మాకంటే ముందు చెత్త బండి ఆమెకు తెలిసింది. రోజూ బండి పాట వీధి మలుపులో వినబడగానే ఈల వేసి అందరినీ బయటికి పిలిచే మనిషి ఆరోజు గేటు దగ్గర లేడు. ఆమె బండి ఆపించి, "పెద్దాయనా, ఈల మర్చిపోయినావా ఏంది?" అంటూ మిద్దె మెట్లెక్కింది. పైన ఎరువు కుండల పక్కన, ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్ళో వేరుశనగ బుడ్డల పొట్టు సంచి పెట్టుకుని కూర్చునే ఉన్నాడట. నిద్రపోతున్నాడనుకుందట. నేనప్పటికి ఆళ్లగడ్డ బస్సులో శిరివెళ్ల దాటాను. ఫోన్లో మా ఇంటామె ఒక్కటే మాట చెప్పింది, "చిన్నమామ పోయినాడు, దిగి వెనక్కి రా."

చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. నంద్యాల, ఆళ్లగడ్డ మధ్య తిరిగే బస్సులో కండక్టరుగా చేసి రిటైరైనాడు. పిల్లల్లేరు. కింది వాటాలో ఆయనా చిన్నమ్మా, పై వాటాలో మేము. నాయన పోయాక నాకు నాయన ఆయనే. ఆళ్లగడ్డ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు పని దొరికినప్పుడు, ఏ బస్సు ఎక్కితే ఏ సీటు పట్టుకోవాలో, ఏ పక్క ఎండ పడుతుందో చెప్పి పంపింది ఆయనే.

రిటైరైనాక ఖాకీ చొక్కా విప్పాడు కానీ ఈల విప్పలేదు. మా వీధికి చెత్త బండి వచ్చి, ఇంటింటికీ తడికొకటి, పొడికొకటి, మందు సీసాల్లాంటి వాటికొకటి అని మూడు రంగుల డబ్బాలు ఇచ్చినప్పుడు జనానికి ఏదెందులో వేయాలో తెలియలేదు. తెలుసుకునే ఓపికా లేదు. అన్నీ కలిపి కవర్లో కట్టి, వీధి చివర ఖాళీ స్థలంలోకి విసిరేసేవాళ్ళం. పందులు మిగతా పని చూసుకునేవి. ఆయన చూసి చూసి ఒకరోజు లుంగీ ఎగగట్టి వీధి మధ్యలోకి వచ్చి ఈల వేశాడు.

"తడి ముందర! పొడి ఎనక! ఎర్ర డబ్బా డ్రైవరు పక్కన! తోసుకోవద్దండమ్మా, అందరికీ జాగా ఉండాది!"

మీకు నవ్వొస్తుంది, నవ్వుకోండి. మా వీధంతా నవ్వింది. "ఏందన్నా, బస్సు దిగి చెత్త బండెక్కినావా?" అని ఎదురింటాయన అడిగాడు. చిన్నాయన తొణకలేదు. "బస్సెక్కినోడు యాడ దిగాల్నో వాడే చెప్తాడప్పా. వీటికి నోరు లేదు. మనమే చెప్పల్ల" అన్నాడు. నేను పై వాటా కిటికీ వేసుకున్నాను. మా చిన్నాయనకు ఈ వయసులో ఇదేం పిచ్చి అని తల తీసేసినట్లయింది నాకు. ఇప్పుడనిపిస్తుంది, నిజంగా సిగ్గు పడాల్సిన రోజుల కోసం ఆ సిగ్గును కొంచెం మిగుల్చుకుని ఉండాల్సింది.

ఆయన నోట్లో ఎప్పుడూ ఒకటే ప్రశ్న ఉండేది. ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది యాడ దిగుతాదప్పా?" అనేవాడు. ఒక ఆదివారం నేను బిర్యానీ పార్శిల్ తెచ్చాను. డబ్బాలు, చిన్న డబ్బాలు, కవరు, కవర్లో కవరు. విస్తరి ముందు కూర్చుని అన్నీ వరసగా పెట్టాడు. "తినప్పా, తిను. తిన్నంక ఇవన్నీ యాడ దిగుతాయో చెప్పు."

"చిన్నాయనా, ముద్ద దిగనీ ముందు!" అని కసురుకున్నాను. ఆయన గట్టిగా నవ్వి నా విస్తట్లోకి ఒక ముక్క వేశాడు. సాయంత్రానికి ఆ డబ్బాలు కడిగి, అడుగున చిల్లులు పొడిచి, వాటిలో కొత్తిమీర చల్లాడు.

మిద్దె మీద ఎరువు కుండలకు ఆయన పెట్టిన పేరు డిపో. తడి చెత్త బండిక్కూడా ఎక్కనక్కర్లేదని, మన డిపోకే పోవాలని పట్టు పట్టాడు. మొదటిసారి మాత్రం ఘోరంగా చెడిపోయింది. పురుగులు మెట్ల దాకా వచ్చాయి, కంపుకు మా పాప అన్నం ముందు నుంచి లేచిపోయింది. మా ఇంటామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "చిన్నమామా, ఈ డిపో అన్నా ఉండల్ల, నేనన్నా ఉండల్ల" అంది. ఆయన, "తప్పు నాదేమ్మా. నీళ్ళెక్కువైనాయి, పొడి తక్కువైంది" అని అంతా తనే ఎత్తి కడిగాడు. తర్వాత బుడ్డల మిల్లు నుంచి పొట్టు తెచ్చి, పిడికెడు తొక్కల మీద పిడికెడు పొట్టు చల్లడం మొదలుపెట్టాడు. ఎరువు తయారైనాక నల్లటి మట్టిని దోసిట్లో తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టాడు. "సూడప్పా, వాన పడిన వాసన!" నిజంగానే వాన వాసనే. నేను మాత్రం, "ఆఁ, బాగుందిలే" అని తల తిప్పుకున్నాను. ఆయన మాట ఒప్పుకోవడమంటే నాకెందుకో మొదటి నుంచీ బరువు.

ఆయన పడుకునే పరుపు గురించి చెప్పాలి. నీలం చారల దూది పరుపు, పెళ్ళినాటిది. తల దగ్గర చిరిగితే చిన్నమ్మ ఆయన పాత ఖాకీ చొక్కా వీపు భాగం కత్తిరించి, చేత్తో దగ్గర దగ్గరగా కుట్లు వేసి అతికింది. "ఇంగ నిద్రలో గూడా డ్యూటీనే" అని ఆయన వీధిలో అందరికీ చెప్పుకున్నాడు. కొత్త పరుపు కొనిస్తానంటే, "పాతది యాడ దిగుతాది?" అన్నాడు. ఇంకేమంటాడు.

ఒకసారి ఇద్దరం ఆళ్లగడ్డలో పెండ్లికి పోతున్నాం. నంద్యాల దాటగానే వాగు మీద వంతెన వస్తుంది. మా వైపు ఎవరైనా పోతే వాళ్ళు పడుకున్న పక్కబట్టలు ఇంట్లో ఉంచుకోరు. పరుపు, దిండు, కట్టుబట్టలు తెచ్చి ఆ వంతెన మీద నుంచి వాగులోకి వదిలేస్తారు. ఎడమ పక్క కిటికీలోంచి చూస్తే జమ్ము గడ్డి మధ్యలో ఉబ్బిన పరుపులు, దిండ్లు, చీరలు. చిన్నాయన వాటిని చూస్తూ, "సర్వీసంతా ఇదే చూసినా. ఎవురు పోయినా ఈడ తేల్తారు" అన్నాడు. నా మోకాలి మీద చెయ్యి వేశాడు. "నా పరుపు ఈడ ఎయ్యాకప్పా. దూది మంచిది, ఏకిచ్చి ఎవురికన్నా ఇయ్యి. ఎవురూ తీసుకోకుంటే చెత్త బండికే ఎయ్యి, పొడి పక్కన. నాకేం నామోషీ లేదు."

"ఇప్పుడెందుకు చిన్నాయనా ఆ మాటలు?"

"ఇప్పుడు గాక, పోయినాక చెప్తానా?"

బస్సులో ముందు సీటు వాళ్ళు కూడా నవ్వారు. నేను సరేనన్నాను. ఆయన నా నుంచి అడిగింది అదొక్కటే.

దహనమైన మరుసటి రోజు ఇల్లంతా ఆళ్లగడ్డ బంధువులు. చిన్నమ్మ వాళ్ళన్న, నేను మామా అని పిలిచే పెద్దాయన, వరండాలో కూర్చుని ఒక్కొక్క పనీ పురమాయిస్తున్నాడు. "ఆ పరుపూ బట్టలూ బేగా తీసకపోయి వాగులో ఏసి రాండి" అన్నాడు.

లోపల్నుంచి చిన్నమ్మ లేచి గడప దాకా వచ్చింది. "వాగులో వద్దన్నాడన్నా. దూది ఏకిచ్చమన్నాడు."

"పోయినోళ్ళ దూది మీద ఎవురు పండుకుంటారే? నీకు మతి పోయిందా?"

"ఆయన పరుపు మీద పోలేదు గదన్నా. కుర్చీలో పోయినాడు."

"యాడ పోతే ఏంది? పైన పసిబిడ్డ ఉండాది. రేపు దానికేమన్నా అయితే నువ్వొస్తావా?"

చిన్నమ్మ నావైపు తిరిగింది. "చెప్పప్పా. నీతోనే గదా అన్నాడు."

వరండా అంతా నన్నే చూసింది. ఒక్క మాట చాలు. అవును మామా, నాతోనే చెప్పాడు, నేను ఏకించుకొస్తాను అంటే అయిపోయేది. పెద్దాయన నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవాడు. నాకు ఆ నాలుగు తిట్లకే భయమేసింది. పాప పేరెత్తేసరికి ఇంకా భయమేసింది. అందరి ముందూ, "మామ చెప్పినట్లే కానీలే చిన్నమ్మా" అన్నాను. ఆమె లోపలికి పోయింది.

పరుపు నేనే మోశాను. ఆటోలో వేసుకుని వంతెన దాకా పోయి, నా చేతులతోనే పిట్టగోడ మీదికెత్తి తోశాను. అది నీళ్ళలో పడిన చప్పుడు విన్నాక చేతులు దులుపుకున్నాను కూడా. ఎందుకు దులుపుకున్నానో నాకే తెలియదు. థూ, నా బతుకు.

మునిగిపోతుందనుకున్నాను. మునగలేదు. కొంచెం దూరం పోయి జమ్ములో ఇరుక్కుంది. మళ్ళీ ఉద్యోగానికి పోయిన మొదటి రోజు బస్సు వంతెనెక్కగానే కనబడింది. నీలం చారలు, తల దగ్గర ఖాకీ అతుకు. అక్కడ అందరి పరుపులూ ఒకటే, ఆ ఒక్కటి తప్ప. ఒకసారి దిగి గట్టు దాకా పోయాను. కట్టెతో లాగబోతే నీళ్ళు తాగి బండలా ఉంది, కదల్లేదు. పైన రోడ్డు మీద ఎవరో బండి ఆపి, "ఏందన్నా, ఏమన్నా పడిపోయిందా?" అని అడిగారు. ఏం లేదని చెప్పి వచ్చేశాను. మా చిన్నాయన పరుపని చెప్పడానికి అక్కడా నోరు రాలేదు. అప్పట్నుంచి పోయేటప్పుడు కుడి పక్క సీటు, వచ్చేటప్పుడు ఎడమ పక్క సీటు వెతుక్కుంటున్నాను. సీటు పట్టుకోవడం నేర్పింది ఎవరో మీకు తెలుసు.

మొన్న చిన్నమ్మ పుట్టింటికి పోయొస్తానంది. నేనే తోడు బయల్దేరాను. బస్సెక్కి గబగబా కుడి పక్క కిటికీ సీట్లో కూర్చోబెట్టాను.

"ఈ పక్క ఎండ. ఆ పక్క కూచ్చుందాం" అంది.

"వద్దులే చిన్నమ్మా, ఈడనే బాగుంది."

ఆమె నా ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత మెల్లగా లేచి, ఎడమ పక్క కిటికీ దగ్గర కూర్చుంది. నేనూ పోయి పక్కన కూర్చున్నాను. వంతెన మీద గొర్రెల మంద అడ్డం వచ్చి బస్సు నిదానించింది. ఆమె కిటికీ కమ్మీ పట్టుకుని కిందికి చూసింది. నేను నా చేతులు చూసుకుంటూ కూర్చున్నాను.

"ఊడలేదప్పా" అంది.

నేను తలెత్తలేదు.

"నేనేసిన అతుకు. ఇన్నాళ్ళు నీళ్ళల్లో నానినా ఊడలేదు సూడు."

ఆ గొంతులో కోపం ఉన్నా బాగుండేది. అప్పుడే కండక్టరు పిల్లవాడు మా సీటు దగ్గరికొచ్చి, "యాడ దిగుతారన్నా?" అని అడిగాడు. నేను జేబులో చిల్లర వెతకడం మొదలుపెట్టాను. అతను మళ్ళీ అడిగాడు. చిన్నమ్మే, కిటికీలోంచి చూపు తిప్పకుండా, "ఆళ్లగడ్డ" అంది. గొర్రెలు తొలగి బస్సు కదిలింది. వంతెన దాటినా, వాగు దాటినా ఆమె మెడ అలాగే వెనక్కి తిరిగి ఉంది.