పక్క మీట, జరీ కుచ్చు

ఆ రోజుల్లో నాకు కొత్త విద్య ఒక్కటి చేతికొస్తే చాలు, పాతదంతా దండగ అనిపించేది. (ఆ జబ్బు ఇప్పటికీ పూర్తిగా పోలేదని మా ఆవిడ అంటుంది.) గద్వాలలో మగ్గం ముందు కూర్చోవలసినవాణ్ణి, పెళ్ళి బ్యాండులో సాక్సోఫోన్ పట్టుకుని వెనక వరుసలో నిలబడ్డాను. ముందు వరుసలో మా ఉస్తాద్ పక్కన ఒక్కసారి నిలబడితే జన్మ ధన్యమనుకునేవాణ్ణి. ఒకనాడు ఆయనే దయతలచి, "అరే, ఒక్క స్వరానికి రెండు తొవ్వలుంటయ్‌రా. తిన్నగ వేళ్లతోటి పోయేది ఒకటి, గీ పక్క మీట నొక్కి పోయేది ఇంకోటి. పాట ఉరుకుతున్నప్పుడు పక్క తొవ్వ సులువు. అవసరమున్నకాడనే వాడు" అన్నాడు. ఆ చివరి మాట నా చెవిన పడితే కదా! కొద్దిరోజుల్లోనే నిద్రలో కూడా పక్క మీటే నొక్కుతున్నాను. నా పట్టుదల చూసి ఉస్తాద్ మురిసి, "అమరచింత పెండ్లిల ముందట నిలబడు. తేడా వస్తే తాళాలు పట్టిస్త" అన్నాడు.

ఆ మాటకు మా అమ్మ నాకంటే ఎక్కువ సంబరపడింది. "ముందట నిలబడేటోడు గిట్ల బోసిగ పోతడా?" అంటూ మగ్గం మీద మిగిలిన జరీ పోగులను కుచ్చులు కట్టి, నా యూనిఫాం చేతుల అంచులకు కుట్టింది.

ఊరేగింపు బజారులోకి వచ్చింది, పాట ఊపందుకుంది. నేను దర్జాగా పక్క మీట నొక్కాను. కుచ్చు దాని కింద దూరింది. ఇక మీట మూసుకోదు, చెయ్యి ఊడిరాదు, ఏ వేలు నొక్కినా ఒకటే కూత! "ఏందిరా గది? మేకను కోస్తున్నవా?" అంటూ ఉస్తాద్ నా కుచ్చు పట్టి లాగాడు. గద్వాల జరీ, ఊరికే తెగుతుందా? ఆపితే పరువు పోతుందని ఊదుతూనే ఉన్నాను. పెళ్ళికొడుకు దోస్తులు మాత్రం "మస్తుందన్నా, గదే కొట్టు!" అని దుమ్ము లేచేలా ఆడారు. మర్నాడు నా చేతికి తాళాలొచ్చాయి.

కొన్నాళ్లకు వనపర్తి పెళ్ళివారు అమరచింత ఊరేగింపులో ఎవరో తీసిన వీడియో ఫోనులో పట్టుకొచ్చి, "గీ కూత తీసినోడే ముందట ఉండాలె" అని పట్టుబట్టారు. ఉస్తాద్ మూతి ముడుచుకుని సాక్సోఫోన్ నా చేతికిచ్చి, గొంతు తగ్గించి, "గది ఎట్ల తీసినవ్‌రా? జర నాకు గూడ చెప్పు" అన్నాడు. నా కోరిక తీరింది, ముందు వరుస దక్కింది. కానీ కుచ్చు ఎన్నిసార్లు దూర్చినా ఆ కూత మళ్ళీ రాలేదు.

ఇప్పుడు నేనే నలుగురికి నేర్పుతున్నాను. ఒక్క స్వరానికి రెండు దారులని ఉస్తాద్ లాగే చెబుతాను, అవసరమైనచోటే వాడమని మరీ మరీ చెబుతాను. మూడో దారి ఒకటుందనీ, అది మా అమ్మ కుట్టి ఇచ్చిందనీ మాత్రం చెప్పను. ఆ యూనిఫాం తీసి చూసుకున్నప్పుడల్లా, నడిబజారులో కుచ్చుకు చిక్కుకుని కూడా ఊదడం ఆపని ఆ పిచ్చివాణ్ణి తలచుకుని నాకు నవ్వూ వస్తుంది, ముద్దూ వస్తుంది.