అమ్మ కాలికి పెట్టిన కాపడం

మోకీలు మార్పించుకుని అమ్మ విశాఖ నుంచి అరకు వచ్చినప్పుడు నడుముకి ఒక గుడ్డ సంచీ వేలాడుతూ ఉండేది. అందులో మందుతో ఉబ్బిన బుడగ. దాన్నుంచి సన్నని గొట్టం తొడలోకి వెళ్లి, నరం పక్కన చుక్క చుక్కగా మందు వదిలేది. దాంతో నొప్పి అణిగింది, కానీ మోకాలి కింద లోపలి వైపు చర్మం మొద్దుబారింది.

"ఆ కాలికి వేడి తగలనివ్వకండి. కాలినా ఆవిడకి తెలియదు. పుండై చీము పడితే కొత్త కీలుకే ముప్పు" అన్నాడు డాక్టరు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. మంచం దగ్గర టీ గ్లాసు కూడా పెట్టనివ్వలేదు.

కొండ మీది ఊరి నుంచి పెద్దమ్మ చూడ్డానికి వచ్చింది. చలికి వెలిగించిన కుంపటి దూరంగా జరిపి, "పెద్దమ్మా, ఆ కాలికి వేడి తగలకూడదు" అన్నాను.

"అలాగేనే గుంటా" అంది.

సంతకెళ్లి వచ్చేసరికి ఏముంది! అమ్మ కాలి మీద వేడి వేడి ఉప్పు మూట. మా వైపు ఆప్యాయత అంటే అదే మరి.

"ఏటి సేత్తన్నావు పెద్దమ్మా!" మూట లాగి పారేశాను.

"ఏడి వద్దన్నావు గానీ, కాపడం వద్దన్నావేటే?"

చర్మం ఎర్రగా కందిపోయింది. ఫొటో పంపితే డాక్టరు చల్లటి నీళ్లు పోయమన్నాడు, బొబ్బ లేస్తే వెంటనే తీసుకు రమ్మన్నాడు. నీళ్లు పోస్తూ "మంటగా ఉందా అమ్మా?" అని ఒకటే అడగడం.

"ఏటీ తెల్డం నేదే."

అమ్మ ఒక్కసారి కెవ్వుమంటే బాగుండుననిపించింది. ఆ కోపమంతా పెద్దమ్మ మీద చూపించి నానా మాటలూ అన్నాను. ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంటూ బయటికెళ్లింది.

సాయంత్రానికి ఎరుపు తగ్గింది, బొబ్బ లేవలేదు. అప్పుడు అమ్మ నన్ను దగ్గరికి పిలిచింది.

"దాన్నేటీ అనకు. సర్మం కందిపోతంటే నాను సూత్తానే ఉన్నాను."

"చూస్తూ ఊరుకున్నావా!"

"దాని మోకాళ్లూ అరిగిపోనాయే. నా కోసం కుంటుకుంటా కొండ దిగొచ్చింది. నాకెలాగూ నొప్పి నేదు గదా, పెట్టనీ అనుకున్నాను."